కోఠీలోని రెసిడెన్సీ భవనాన్ని ఎటు వైపు నుంచి చూడాలి?

చాదర్‌ఘాట్ వాసి:

సభ్యులందరికీ నమస్కారం. పోయిన నెల మా అమ్మను వెంటబెట్టుకుని కోఠీ మహిళా కళాశాల ఆవరణలో ఉన్న పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనాన్ని చూసి వచ్చాను. నేను పుట్టి పెరిగింది ఆ భవనానికి అరగంట నడక దూరంలోనే. అయినా నలభై ఏళ్లు నిండేదాకా దాని మెట్లు ఎక్కలేదు. కండక్టరు "కోఠీ, కోఠీ" అని కేక వేస్తే దిగే చోటికి ఆ పేరు ఈ కోఠీ (పెద్ద బంగళా) వల్లనే వచ్చిందని కూడా చాలాకాలం నాకు తెలియదు.

ఉత్తరం వైపు ముఖద్వారం ముందు నిలబడగానే అమ్మ, నేను కాసేపు మాట్లాడుకోలేదు. ఆరు ఎత్తయిన కొరింథియన్ స్తంభాలు, వాటి మీద త్రికోణపు నుదురు, అందులో ఈస్టిండియా కంపెనీ రాజచిహ్నం, విశాలమైన మెట్ల వరుసకు ఇరువైపులా కూర్చున్న సింహాలు. లోపల రెండంతస్తుల ఎత్తున లేచిన దర్బారు హాలు, దాని వెనక రెండు పాయలుగా చీలి పైకి వెళ్లే మెట్లదారి. ఇంత పెద్ద భవనాన్ని 1803 ప్రాంతంలో, మూసీకి ఉత్తరపు ఒడ్డున, నిజాము దర్బారులో కంపెనీ ప్రతినిధి, అంటే అప్పటి రెసిడెంటు, జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ మొదలుపెట్టించాడనీ, ఖర్చు నిజాము భరించాడనీ అక్కడికి వెళ్లేముందే చదువుకున్నాను.

అయితే తిరిగి వస్తున్నప్పుడు అమ్మ ఒక ప్రశ్న అడిగింది. "ఆ దొర పెళ్లి చేసుకున్న ఖైరున్నీసా ఈ మెట్లు ఎక్కి ఉంటుందా?" నేను జవాబు చెప్పలేకపోయాను. ఆమె కోసం కట్టించిన రంగ్ మహల్ ఇప్పుడు లేదని తెలుసు. మేము ముఖద్వారాన్నీ, దర్బారు హాలునూ చూసి, ఇల్లంతా చూశామనుకుని వచ్చేశామేమో అన్న అనుమానం మాత్రం నన్ను వదలడం లేదు. మరోసారి వెళ్తే దేన్ని, ఎటు నుంచి చూడాలో తెలిసినవారు చెప్పగలరా?

గానుగ సున్నం:

చాదర్‌ఘాట్ వాసి గారూ, నేను పాత కట్టడాల మరమ్మతు పనుల్లో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను. అమ్మగారి ప్రశ్నకు ఇతరులు నాకంటే బాగా జవాబు చెబుతారు కాబట్టి, కట్టడం గురించి నాకు తెలిసింది రాస్తాను.

దీని నక్షా గీసినవాడు మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన లెఫ్టినెంట్ శామ్యూల్ రసెల్. ఇటలీలో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన పల్లాడియన్ పద్ధతిలో, నట్టనడుమ గీత గీస్తే రెండు పక్కలా ఒకే తీరుగా ఉండేటట్టు రూపకల్పన చేశాడు. కలకత్తాలో గవర్నర్ జనరల్ వెల్లస్లీ కట్టించిన గవర్నమెంటు హౌసు కూడా సరిగ్గా ఆ కాలానిదే. కానీ నక్షా ఇంగ్లండుది అయినంత మాత్రాన ఇల్లు ఇంగ్లండుది కాదు. మీరు చూసిన స్తంభాలు దూరం నుంచి చలువరాయిలా కనిపిస్తాయి. ఆ నునుపంతా మెరుగు పెట్టిన సున్నపు పూత. గానుగలో రోజుల తరబడి నూరిన సున్నం, కరక్కాయ నీళ్లు, బెల్లం వంటి వాటితో మన మేస్త్రీలు తరతరాలుగా చేస్తున్న గచ్చు పనే అక్కడ గ్రీకు స్తంభం వేషం కట్టింది. ఆ స్తంభపు తలమీద విచ్చుకున్న ఆకులను మలచిన చేతులు అంతకుముందు మన మిద్దెల మీద తీగలూ పూలూ మలచిన చేతులే అని నేను నమ్ముతాను.

ఈసారి వెళ్లినప్పుడు తల పైకెత్తి చూడండి. దర్బారు హాలు లోకప్పు మీది అలంకరణ కాగితపు గుజ్జుతో చేసి రంగులద్దినది. ఇక మిద్దెను మోసేది మద్రాసు టెర్రస్ అని మా పనివాళ్లు పిలిచే పద్ధతి. టేకు దూలాల మీద ఇటుకలను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, సున్నంతో బిగించి, పైన మళ్లీ సున్నపు పొరలు వేస్తారు. సున్నం తేమను పీల్చుకుంటుంది, తిరిగి వదిలేస్తుంది. అటువంటి గోడ మీద సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుపోయి దూలం పుచ్చిపోతుంది, ఇటుక పొడి రాలుతుంది. ఈ భవనం వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ వారి 2002 నాటి ప్రమాదపు జాబితాకు ఎక్కింది. ఆ తరువాత ఏళ్ల తరబడి సాగిన పునరుద్ధరణలో సున్నానికి సున్నంతోనే మరమ్మతు చేయడం నాకు ఎంతో తృప్తినిచ్చిన విషయం.

పాత విద్యార్థిని:

నేను డెబ్భయ్యో దశకంలో అక్కడ చదువుకున్నాను. కోఠీ భవనం గురించి ఎవరు ఎక్కడ రాసినా కిర్క్‌పాట్రిక్‌తో మొదలై 1947లో బ్రిటిషువారు వెళ్లిపోవడంతో ముగుస్తుంది. నాకు ఆ ముగింపు అన్యాయంగా తోస్తుంది. 1924లో మొదలైన మహిళా కళాశాల 1949లో ఆ భవనంలోకి వచ్చింది. రెసిడెంట్లు దాంట్లో ఉన్నది సుమారు నూట నలభై ఏళ్లయితే, ఆడపిల్లలు చదువుకున్నది అర్ధ శతాబ్దానికి తక్కువ కాదు. అయినా మా కాలాన్ని చరిత్రలో ఎవరూ లెక్కించరు.

మాది నల్లగొండ జిల్లాలో ఒక చిన్న ఊరు. మా ఇంటి గడప దాటి, బస్సెక్కి, హాస్టల్లో పెట్టె దించి, మర్నాడు ఆ సింహాల మధ్య నుంచి మెట్లెక్కిన రోజు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. దొరలూ నవాబులూ ఎక్కిన మెట్లని నాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు. అంత ఎత్తు కప్పు కింద కూర్చుని పాఠం వినడానికి నాకు హక్కు ఉందన్న సంగతి ఒక్కటే తెలుసు, ఆ ఒక్కటీ నమ్మడానికి కొన్నాళ్లు పట్టింది. పెద్ద హాల్లో అద్దాల ముందు నుంచి వెళ్తూ జడ సవరించుకోని పిల్ల ఉండేది కాదు. పరీక్షల ముందు వరండా స్తంభాలకు చేరగిలబడి పైకి చదువుకుంటుంటే, ఒక్కో స్తంభం దగ్గర ఒక్కో సబ్జెక్టు వినిపించేది.

తాళం వేసి వదిలేసిన దేవిడీలు (నవాబుల పాత భవనాలు) ఈ నగరంలో ఏమైపోయాయో అందరం చూశాం. ఈ ఇంట్లో రోజూ తలుపులు తెరిచారు, ఊడ్చారు, దీపాలు వెలిగించారు, వందల మంది నడిచారు. అందుకే ఇది మరమ్మతు చేసేవాళ్ల చేతికి అందేదాకా నిలబడిందని నా అభిప్రాయం. ఇప్పుడు ఆ ఆవరణ విశ్వవిద్యాలయమై చాకలి ఐలమ్మ పేరు పెట్టుకుంది. పాలకుర్తిలో తన పొలం పంటను దొర పాలు కానివ్వని మనిషి పేరు ఆ గేటు మీద చదివితే నా మనసు నిండుతుంది.

మీ అమ్మగారు కూడా అక్కడ చదివారా అండీ?

చాదర్‌ఘాట్ వాసి:

లేదండీ. చదవాలని ఉండేదట. తాతగారు పంపలేదు. దర్బారు హాల్లో ఆమె చాలాసేపు ఒకే చోట నిలబడిపోయింది. కారణం అప్పుడు నాకు తోచలేదు, మీరు రాసింది చదివి వినిపించాక ఆమే చెప్పింది.

పెన్న ఒడ్డు:

మాది అనంతపురం జిల్లా. పెద్దలు రాసినవన్నీ శ్రద్ధగా చదివాను. ఒక మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను, ఎవరినీ నొప్పించాలని కాదు.

హైదరాబాదులో ఈ భవనం పేరు చెబితే అందరూ ప్రేమకథ చెబుతారు. మా రాయలసీమ వాళ్లకు కిర్క్‌పాట్రిక్ పేరు మరో కాగితం మీద కనిపిస్తుంది. 1800 అక్టోబరు 12న నిజాముకూ కంపెనీకీ కుదిరిన సంధిని నడిపినవాడు ఆయనే. మైసూరు యుద్ధాల తరువాత, 1792లోనూ 1799లోనూ తన వాటాకు వచ్చిన సీమలను నిజాము ఆ సంధితో కంపెనీకి శాశ్వతంగా రాసిచ్చాడు. తన రాజ్యంలో ఉంచుకున్న కంపెనీ సైన్యానికి జీతాల కింద ఇచ్చిన నేల అది. బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతంలో అధికభాగం అందులో పోయాయి. అప్పటి నుంచి మేము దత్త మండలాల, అంటే ఇచ్చేసిన జిల్లాల, వాళ్లమయ్యాం. ఆ "దత్త" అన్న మాటలోని అవమానం భరించలేకనే 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అన్న పేరు ప్రతిపాదించారు. నూట ఇరవై ఎనిమిదేళ్లు మాకు మరొకరి దస్తావేజులోని మాటే పేరు.

ఈ భవనం స్థలం గురించి కంపెనీ అధికారి జాన్ మాల్కం రాసిపెట్టిన ఒక ముచ్చట ఉంది. తోట కోసం కిర్క్‌పాట్రిక్ అడిగిన జాగాను కొలిపించి, పెద్ద కాగితం మీద పటం గీయించి దర్బారులో చూపిస్తే నిజామ్ అలీ ఖాన్ కుదరదన్నాడట. రాజ్యపు పటమే దాదాపు అంత కాగితం మీద ఉంటే, ఈ జాగా పటం దానికి సాటిగా కనిపించి ఆయన బెదిరాడని దర్బారు పెద్ద మీర్ ఆలం చెప్పాడట. ఆ పటాన్నే చిన్న చీటీ మీద గీసి చూపితే సంతోషంగా ఒప్పుకున్నాడట. హైదరాబాదువారు ఈ ముచ్చటను సరదాగా చెప్పుకుంటారు. ఒక తోట పటం చూసి వెనకాడిన అదే ప్రభువు జిల్లాలకు జిల్లాలను రాసిచ్చాడని మా వైపు నుంచి చదివితే, అది సరదా కథగా అనిపించదు. ఆ మెట్ల ముందు నిలబడినవారు ఒక్క క్షణం మమ్మల్ని కూడా తలచుకోవాలని నా కోరిక.

బందరు బిడ్డ:

పెన్న ఒడ్డు గారి మాట నేను ఒప్పుకుంటాను. అయితే ప్రేమకథ అని అందరూ చెప్పే కథను కూడా సగంలోనే ఆపేస్తారు. మిగతా సగం మా ఊరికి చేరుతుంది, కాబట్టి రాస్తున్నాను.

ఖైరున్నీసాకు ఇద్దరు పిల్లలు. 1801లో పుట్టిన కొడుకు సాహిబ్ ఆలం, 1802లో పుట్టిన కూతురు సాహిబ్ బేగం. కంపెనీ దొరల పిల్లలు ఇంగ్లండులో పెరగాలన్న రివాజు ప్రకారం 1805లో ఇద్దరినీ మద్రాసు నుంచి ఓడ ఎక్కించారు. అప్పటికి పెద్దవాడికి నాలుగేళ్లు, చిన్నదానికి మూడు. వెళ్లేముందు మద్రాసులో జార్జ్ చినరీ అనే చిత్రకారుడు ఆ ఇద్దరినీ హైదరాబాదీ దుస్తుల్లోనే నిలబెట్టి బొమ్మ గీశాడు. ఓడ దిగాక వాళ్ల పేర్లు విలియం, కేథరిన్ అయ్యాయి. తల్లి మళ్లీ వాళ్లను చూడలేదు. అదే ఏడాది అక్టోబరులో కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. ఒక్క ఏడాదిలో భర్తా పిల్లలూ ముగ్గురూ దూరమైన ఆమె వయసు అప్పటికి ఇరవై కూడా నిండలేదు.

తరువాత ఆమెను హైదరాబాదుకు తిరిగి రానివ్వలేదు. దివాను పదవిలో ఉన్న బంధువు మీర్ ఆలం అడ్డుపడ్డాడు. ఆమె ప్రవాసం గడిపింది మా మచిలీపట్నంలో. మీర్ ఆలం మరణించాక గానీ ఆమె సొంత ఊరు చేరలేదు. 1813లో అక్కడే కన్నుమూసింది. నేను బందరులోనే పుట్టి, అక్కడి కోటలోనూ డచ్చివారి సమాధుల దగ్గరా ఆడుకుని పెరిగాను. ఈ సంగతి మా ఊళ్లో ఏ పెద్దవారి నోటా వినలేదు. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో ముప్పై వేల ప్రాణాలు పోయాయి. పాత బందరుతో పాటు దాని జ్ఞాపకాలూ కొట్టుకుపోయాయి.

అమ్మగారి ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇది. ఖైరున్నీసా పరదాలో బతికిన మనిషి. ముందు మెట్లు మగవారి దర్బారుకు దారి. ఆమె ఇల్లు వెనకనున్న రంగ్ మహల్. మీరు చూసినది ఆమె భర్త కచ్చేరీ అండీ.

పుత్లీబౌలి:

నేను ప్రహరీ అవతల గురించి చెబుతాను. ఆ గోడను కూడా ఇంట్లో భాగంగానే చూడాలి.

1857 జూలై 17, శుక్రవారం. మక్కా మసీదులో నమాజు ముగిశాక రోహిల్లాలూ (పఠాన్ యోధులు) వారితో కలిసినవారూ తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల వెంట రెసిడెన్సీ మీదికి నడిచారు. పడమటి గేటు దగ్గర అబ్బన్ సాహెబ్, జైగోపాల్ దాస్‌ల ఇళ్లు ఎక్కి కాల్పులు జరిపారు. నిజాము దివాను మొదటి సాలార్ జంగ్ ముందుగానే కబురు పంపడం వల్ల రెసిడెంటు డేవిడ్సన్ ఫిరంగులతో సిద్ధంగా ఉన్నాడు. తెల్లవారేసరికి తిరుగుబాటు అణగిపోయింది. మౌల్వీని అండమానుకు పంపారు. తుర్రేబాజ్ ఖాన్ జైలు నుంచి తప్పించుకుని తూప్రాన్ దగ్గర హతుడయ్యాడు, ఆయన శవాన్ని రెసిడెన్సీ దగ్గరే వేలాడదీశారు. ప్రహరీ బురుజులతో కోటగోడలా మారింది ఆ దాడి తరువాతే. కోఠీలో ఆయన స్మారక స్తంభం ఉంది, రోడ్డుకు ఆయన పేరు ఉంది. బస్సు కోసం దాని పక్కనే నిలబడి ఒక్కసారి చదవండి.

ఆ గోడకు ఆనుకుని పెరిగిన బజార్లు రెసిడెన్సీ బజార్లు. అక్కడ నడిచింది నిజాము చట్టం కాదు, రెసిడెంటు అధికారం. 1933లో వాటిని నిజాముకు తిరిగి ఇచ్చాక సుల్తాన్ బజార్ అయ్యాయి. తెలుగులో సభ పెట్టుకోవాలన్నా, పత్రికలు తెప్పించి చదవాలన్నా నగరంలో ఇబ్బందిగా ఉన్న రోజుల్లో ఈ ప్రాంతం కొంత ఊపిరి ఆడనిచ్చింది. 1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైంది. ఇప్పటికీ అది సుల్తాన్ బజార్లోనే ఉంది. పరాయి పాలకుడి నీడ మన భాషకు చోటిచ్చిందని చెప్పడం నాకు సుఖంగా ఏమీ లేదు, కానీ జరిగింది అదే. రెసిడెన్సీ చూసిన రోజే ఆ గ్రంథాలయానికీ వెళ్లండి, పది నిమిషాల నడక.

గానుగ సున్నం:

రంగ్ మహల్ గురించి బందరు బిడ్డ గారు చెప్పినదానికి ఒక్క సంగతి చేరుస్తాను. దాన్ని 1861లో కూల్చేశారు. తిరుగుబాటు జరిగి నాలుగేళ్లు. రెసిడెంట్లు మన దుస్తులు వేసుకుని, మన మాట మాట్లాడి, ఇక్కడి ఇంటి అల్లుళ్లైన కాలం ముగిసి, అటువంటి జనానా తమ ఆవరణలో ఉండటమే చిన్నతనమని అనుకునే కాలం వచ్చింది. కప్పు కూలి పడిపోయిన కట్టడాలకూ, మనిషి పూనుకుని నేలమట్టం చేసిన వాటికీ తేడా ఉంటుంది. నా వృత్తిలో మొదటివాటికి మందు ఉంది.

ఆ వైపు తోటలో భవనానికి ఒక చిన్న నమూనా ఉంటుంది, మనిషి నడుమెత్తు బొమ్మరిల్లు అనుకోండి. ముందువైపు రాలేని ఖైరున్నీసా తన భర్త కట్టిస్తున్న ఇల్లు ఎలా ఉంటుందో చూడాలని చేయించినదని చెప్పుకుంటారు. చెప్పుకునే కథే. అయినా ఆ నమూనా దగ్గర నిలబడి తల ఎత్తితే అసలు ఇల్లు వెనక నుంచి ఎలా కనిపిస్తుందో చూడండి. అక్కడి నుంచి మీకు సింహాలు కనిపించవు, రాజచిహ్నమూ కనిపించదు.

పెన్న ఒడ్డు:

బందరు బిడ్డ గారికి ధన్యవాదాలు. ఆ పిల్లల వయసులు చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. సంధి గురించి నా మాటలో మార్పు లేదు. ఆ సంధి రాసిన చేతికి అటువంటి ఇల్లు కూడా ఉందని మాత్రం ఇకపై కలిపి గుర్తుపెట్టుకుంటాను.

చాదర్‌ఘాట్ వాసి:

నిన్న మళ్లీ వెళ్లి వచ్చాం. ఈసారి మెట్రోలో సుల్తాన్ బజార్ స్టేషనులో దిగి, స్మారక స్తంభం దగ్గర ఆగి, ప్రహరీ వెంబడి నడిచి లోపలికి వెళ్లాం. ముఖద్వారం వైపు చివరగా చూద్దామని అమ్మే అంది.

ముందు వెనక తోటకు వెళ్లాం. నమూనా దగ్గర అమ్మ గట్టు మీద కూర్చుంది. బందరు బిడ్డ గారు రాసిన సంగతులు నేను దారిలో చెప్పాను. "ఆ కూతురు తిరిగి వచ్చిందా?" అని అడిగింది. రాలేదని, కేథరిన్ 1889లో ఇంగ్లండులోనే పోయిందని, అయితే 1841లో హైదరాబాదులో బతికే ఉన్న తన అమ్మమ్మ షరఫున్నీసాకు ఉత్తరం రాసిందని, ఆ తరువాత కొన్నేళ్లు ఇద్దరి మధ్యా ఉత్తరాలు నడిచాయని నేను చదివినది చెప్పాను. ముప్పై ఆరేళ్ల తరువాత ఉత్తరం అందుకున్న ఆ ముసలమ్మ గురించే అమ్మ ఇంటికి వచ్చేదాకా మాట్లాడింది.

దర్బారు హాల్లో గానుగ సున్నం గారు చెప్పినట్టు తల ఎత్తి చూశాం, లోకప్పు మీది రంగులు ఈసారి కనిపించాయి. అక్కడ కొందరు విద్యార్థినులు తమ చరిత్ర పాఠానికి సంబంధించిన కాగితాలు పట్టుకుని తిరుగుతున్నారు. అమ్మ వాళ్లలో ఒకమ్మాయిని ఏ ఊరని అడిగింది. కళ్యాణదుర్గం అని చెప్పింది. పెన్న ఒడ్డు గారూ, మీ వైపు పిల్లే. దత్త మండలాల సంధి గురించి ఆమెకు తెలుసు. తారీఖుతో సహా చెప్పింది.

తిరిగి వచ్చేటప్పుడు భాషా నిలయంలో ఓ గంట కూర్చున్నాం. వచ్చే నెలలో రెసిడెన్సీ ఆవరణలోని పాత సమాధుల తోట చూడాలని ఉంది. దాన్ని చూసినవారు ఎవరైనా, ఎవరి అనుమతి తీసుకోవాలో ఇక్కడే రాస్తే మేలు చేసినవారవుతారు. పాత విద్యార్థిని గారు మాతో రాగలిగితే అమ్మ చాలా సంతోషిస్తుంది. మీరు చదువుకున్న స్తంభం ఏదో చూపించమని అడగమంది.